మన కుటుంబము: బడి మూతపడిన దినాలు



బిడ్డకు జ్వరం వస్తే బడి మాన్పించి ఇంట్లో పడుకోబెట్టడం ఏ తల్లికైనా తెలిసిన సంగతే. కాని ఊళ్ళో ఉన్న బడులన్నీ ఒక్కమారే మూతపడితే ఇల్లు ఎట్లా నడుస్తుందో 2020కి ముందు మనలో చాలామందికి తెలియదు. ఆ దినాలు గడిచిపోయాయి గదా, ఇప్పుడెందుకు అనవచ్చును. అప్పుడు బడి వదిలిన పిల్లలు కొందరు ఇంకా తిరిగి వెళ్ళలేదు. అందుకే ఈ నెల ఆ మాట ఎత్తుకున్నాము.

తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది 2020 మార్చి 2న. చికిత్స చేసింది సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో. ఆ వార్త వచ్చిన రెండు మూడు దినాల్లోనే సికింద్రాబాదులోని మహేంద్రా హిల్స్‌లో కొన్ని ప్రైవేటు బడులు తమంతట తామే సెలవు ఇచ్చుకున్నాయి. ప్రభుత్వం నుండి అప్పటికింకా ఏ ఉత్తర్వూ లేదు. భయమే ఉత్తర్వు అయింది. మార్చి 14న ప్రభుత్వం రాష్ట్రంలోని బడులన్నిటినీ నెలాఖరు వరకు మూస్తున్నట్లు ప్రకటించింది. పదిహేను దినాలే గదా అని పిల్లలు సంతోషించారు. పెద్దలు కూడ వేసవి సెలవులు కొంచెం ముందుగా వచ్చాయనుకున్నారు.

పదవ తరగతి వారికి మాత్రం పరీక్షలు జరుగుతాయన్నారు. మార్చి 19న మొదలయ్యాయి కూడ. మూడు పేపర్లు అయ్యేసరికి హైకోర్టు మిగిలినవి వాయిదా వేయమన్నది. ఏడాదంతా తెల్లవారుజామున లేచి చదివిన పిల్లలు పుస్తకం మూయాలో తెరవాలో తెలియక రెండున్నర నెలలు గడిపారు. చివరకు జూన్ 8న ముఖ్యమంత్రి పరీక్షలు లేకుండానే 5,34,903 మందినీ పై తరగతికి పంపుతున్నట్లు చెప్పారు. బాగా చదివిన బిడ్డ ఆ దినాన ఏడ్చిందంటే ఆశ్చర్యం లేదు.

పల్లెల్లో ఉండే మన కుటుంబాలకు వేరొక దిగులు. జంటనగరాల హాస్టళ్ళలో పిల్లలను పెట్టి చదివించేవారు, కోచింగుకు పంపినవారు, మొదటి ఉద్యోగం వెదుక్కోమని సాగనంపినవారు ఎందరో. మార్చి 25న హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారని యువతీయువకులు పోలీసుస్టేషన్ల ముందు బారులు తీరారు. కాగితం చేతపట్టుకొని బయలుదేరిన వారిని ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపివేశారు. రాత్రంతా రోడ్డు మీదనే. ఇక్కడ పల్లెల్లోనేమో పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేసుకొని కావలి కాచారు. తమ బిడ్డ వస్తున్నాడని సంతోషించాలో, బిడ్డతోబాటు ఏమి వస్తున్నదో అని భయపడాలో తల్లులకు తోచలేదు.

ఆ భయం తప్పు అని మేము అనము. సికింద్రాబాదుకు అంటురోగాల చరిత్ర పాతదే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దొరగారు ఇక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచారు. (హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టనిచ్చిన దోమ ఒక్కొక్కటికి ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడట. ఆయన పేరు కూడ గుర్తుంచుకోదగినదే.) మలేరియాకు శత్రువు దోమ గనుక దోమతెర కట్టుకొని, నిలువ నీరు పారబోసి, బడి నడుపుకోవచ్చును. కరోనా అట్లా కాదు. మనిషి ఊపిరి నుండి మనిషికి అంటుతుంది. నలభైమంది పిల్లలు ఒకే గదిలో, ఒకే బెంచీ మీద ఒరుసుకొని కూర్చునే చోటే దానికి అనువైన చోటు. పిల్లలకు చాలావరకు తేలికగానే పోయింది. వారు ఇంటికి మోసుకొచ్చే దానివలన తాతకు, నాయనమ్మకు ప్రాణం మీదికి వస్తుందని అందరి దిగులు. మూడు తరాలు ఒకే కప్పు క్రింద ఉండే మన ఇళ్ళలో ఆ దిగులు ఎంత బరువో చెప్పనక్కరలేదు. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టరు పండుగను కూడ గుడి తలుపులు మూసి ఇళ్ళలోనే జరుపుకున్నాము.

కాబట్టి మూయడం గూర్చి మాకు ఫిర్యాదు లేదు. మూసిన తరువాత జరిగిన దానిని గూర్చే చెప్పవలసి ఉన్నది.

2020 సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలుకొని పై తరగతులకు దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను పాఠాలు చెప్పారు. మంచి ప్రయత్నమే. కాని ముగ్గురు పిల్లలకు ఒక్క టీవీ. పాఠం వచ్చే వేళకు కరెంటు ఉండదు. ఫోను ఉంటే అది తండ్రితో పొలానికి పోతుంది. ఉన్న ఒక్క ఫోనును అన్నకు ఇచ్చి, చెల్లెలిని అంట్లు తోమమన్న ఇళ్ళు మనవి కావా? ఒకటి, రెండు తరగతుల పసివారికైతే ఆ పాఠాలు కూడ లేవు. బడిలో మధ్యాహ్నం దొరికే వేడి అన్నం లేదు. ప్రైవేటు బడుల పంతుళ్ళు జీతం లేక కూరగాయలు అమ్మారు, కూలికి పోయారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వారికి నెలకు రెండువేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బియ్యం కోసం బారులో నిలబడిన పంతులమ్మను తన శిష్యులే చూచిన దినాలవి.

బడులు తెరిచారు, మళ్ళీ మూశారు. 2021 ఫిబ్రవరిలో పెద్ద పిల్లలకు తెరిచి, మార్చి 24న మూసివేశారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న గాని చిన్నపిల్లలు బడి మెట్లు ఎక్కలేదు. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులను మరల నెలాఖరు వరకు పొడిగించారు. ఒకటవ తరగతిలో ఉండగా బడి మూతపడిన బిడ్డ మళ్ళీ తరగతి గదిలో కూర్చునేసరికి మూడవ తరగతి. అ ఆలు దిద్దవలసిన వయస్సు ఇంట్లోనే గడిచిపోయింది.

ఫలితం 2022లో జరిపిన అసర్ సర్వేలో కనబడింది. పల్లెల్లో ఇంటింటికి వెళ్ళి పిల్లలచేత చదివించి చూచే సర్వే అది. తెలంగాణలో మూడవ తరగతి పిల్లలు వందమందిలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 18 మంది. 2022లో 5 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 22 మంది ఉన్నచోట 10 మందే మిగిలారు. ఆ పిల్లలే ఇప్పుడు హైస్కూలు వయస్సు వారు. మీ ఇంట్లో ఆ వయస్సు బిడ్డ ఉంటే ఈ సాయంత్రం ఒక పేజీ పైకి చదవమనండి. తడబడితే బిడ్డను కసరవద్దు. పద్యమో, కథో, వార్తాపత్రికో, దినానికి ఒక పేజీ మీ ప్రక్కన కూర్చొని చదివించండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, వినడానికి చెవులు చాలును.

లేవీయకాండము పదమూడవ అధ్యాయం మనకు తెలిసినదే. రోగిని ఏడు దినాలు కడగా ఉంచి, మరల చూచి, అవసరమైతే ఇంకొక ఏడు దినాలు ఉంచుతారు. ఆ అధ్యాయాన్ని కరోనా దినాల్లో చాలామంది జ్ఞాపకం చేశారు. పదునాలుగవ అధ్యాయాన్ని అంతగా ఎవరూ తలచుకోలేదు. బాగుపడినవాడిని పాళెములోనికి తిరిగి ఎట్లా చేర్చుకోవాలో అక్కడ అంతే వివరంగా ఉన్నది. మన బడుల విషయంలో మూయడానికి తేదీతో సహా ఉత్తర్వులు వచ్చాయి. తిరిగి చేర్చే పని మాత్రం చాలావరకు ఇంటికే విడిచిపెట్టబడింది. ఇంట్లోనేమో పత్తి ఏరడానికి చేతులు కావలసి వచ్చాయి. మగపిల్లవాడికి దినకూలి రుచి తెలిసింది. ఆడపిల్ల ఖాళీగా ఉన్నది గదా అని, పదిమందిని పిలవకుండా తక్కువ ఖర్చులో అయిపోతుంది గదా అని, పదహారేళ్ళకే పెళ్ళి మాట ఎత్తారు. అధికారులు వచ్చి కొన్ని ఆపారు. అన్నిటినీ ఆపలేదు.

ఇంటి భయం వలన చిన్న రోగాలకు కూడ బడి నెలల తరబడి మాన్పించే అలవాటు ఇప్పుడు కొన్ని చోట్ల కనబడుతున్నది. అంత అవసరం లేదు. తట్టు పోసిన బిడ్డను ఒంటిమీద పొక్కు కనబడినది మొదలు నాలుగు దినాలు, గవదబిళ్ళలైతే వాపు మొదలైన తరువాత ఐదు దినాలు, ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు ఇంట్లో ఉంచితే చాలును. తట్టుకు టీకా తొమ్మిదవ నెల నిండగానే ఒకటి, పదహారు నుండి ఇరవైనాలుగు నెలల లోపల ఇంకొకటి ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తుంది. ఆశా కార్యకర్తను అడగండి. రోగం ఉన్న ఒక్క బిడ్డ ఇంట్లో ఉంటే మిగిలినవారి బడి నడుస్తుంది.

ఇక ఆ దినాల్లో బడి మానేసి, ఇప్పుడు పదిహేడు పద్దెనిమిదేళ్ళకు వచ్చిన పిల్లల మాట. తిరిగి చిన్న తరగతిలో కూర్చోవడం వారికి సిగ్గు, అది సహజమే. వారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉన్నది. పదవ తరగతికి వయస్సు 14 నిండితే చాలును, పై హద్దు లేదు. పెళ్ళయిన అమ్మాయి కూడ చేరవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లోను ఇటువంటిదే ఉన్నది. మీ మండలంలోని ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిస్తే దగ్గరి కేంద్రం ఎక్కడున్నదో, ఏ కాగితాలు కావాలో చెబుతారు. వెళ్ళేటప్పుడు బిడ్డ ఆధార్ కార్డు, పుట్టిన తేదీ ధృవపత్రం, పాత బడి ఇచ్చిన టి.సి. ఉంటే అది కూడ తీసుకొని వెళ్ళండి.