దూరవిద్యలో పీజీనా? ఫీజు కంటే ముందు గంటలు లెక్కేయండి

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జ్ ఎక్కి ఆఫీసులకు పోయే సాఫ్ట్‌వేర్ జనంలో నేనూ ఒకణ్ని. ఆ దారికి కూతవేటు దూరంలోనే, రోడ్ నంబర్ 46లో, డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. మీలో చాలామందికి ఆ పేరు గ్రూప్స్ ప్రిపరేషన్‌కి కొనే పుస్తకాల అట్టల మీదే పరిచయం. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదేనని నాకూ ఆలస్యంగానే తెలిసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. దానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి.రామ్‌రెడ్డి గారే 1985లో ఢిల్లీ వెళ్లి ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంటే, పని చేసుకుంటూ చదువుకోవడం అనే ఏర్పాటు ఈ దేశంలో మన ఊళ్లోనే మొదలైందన్నమాట. అయినా ఇప్పటికీ ఇంట్లో ‘దూరవిద్య’ అనగానే, ‘రెగ్యులర్‌లో సీటు రాలేదా?’ అని అడుగుతారు.

ప్లేస్‌మెంట్స్ సరిగ్గా లేని ఏడాది ఈ ప్రశ్న మీ దాకా కూడా వస్తుంది. ‘వచ్చిన చిన్న ఉద్యోగంలో చేరిపోయి, పక్కన పీజీ కట్టేస్తే పోలా?’ అని. కట్టొచ్చు. నేను కట్టాను. ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకే ఎంసీఏకి ఫీజు కట్టి, శని ఆదివారాలు ఉన్నాయిగా అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తాను.

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 30 గంటల చదువు. 80 క్రెడిట్ల పీజీ అంటే 2,400 గంటలు. రెండేళ్లలో 104 వారాలు. భాగించి చూడండి, వారానికి 23 గంటలు! రోజుకి మూడు గంటలకు పైనే, సంక్రాంతి, దసరా, అక్క పెళ్లి అన్నీ కలుపుకొని. ఈ గుణకారం, భాగహారం నేను ఫీజు కట్టాక చేశాను. అప్పటికి నా వీకెండ్ నుంచి పది గంటలు పిండడమే గగనంగా ఉంది. మొదటి ఏడాది పరీక్షల శనివారమే మా ప్రాజెక్ట్ రిలీజ్ పడింది. నాలుగు పేపర్లలో రెండే రాశాను. మేనేజర్‌ని తప్పుపట్టలేను, నేను చదువుతున్నట్టు ఆయనకు చెప్పనే లేదు. చెబితే ‘వీడి మనసు పని మీద లేదు’ అనుకుంటారని భయం. ఈ భయం చాలామందికి ఉంటుంది. ఇగ్నోలాంటి చోట్ల పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో ఉంటాయని ముందే తెలుసు కాబట్టి, జనవరిలోనే చెప్పి లీవులు దాచుకుని ఉండాల్సింది.

మా రూమ్మేట్ కథ వేరు. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ సూట్‌లో అసిస్టెంట్. ఇంటికి ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. ఆదివారం అన్న మాటే వాళ్లకు లేదు, విడుదల తేదీ ఒక్కటే ఉంటుంది. అయినా ఎంఏ పూర్తి చేశాడు. సిస్టమ్ మీద ఫైల్ రెండర్‌కి పెడితే ఒక్కోసారి నలభై నిమిషాలు ఖాళీ. మిగతావాళ్లు టీకి వెళ్తే, వీడు బ్యాగ్‌లోంచి పుస్తకం తీసేవాడు. వీకెండ్ కోసం ఎదురుచూడలేదు, అసలు వాడికి వీకెండే లేదు కాబట్టి. ఇంకో తెలివైన పని కూడా చేశాడు. రెండేళ్ల కోర్సుని మూడేళ్లకు ప్లాన్ చేసుకున్నాడు. ఇగ్నోలో రెండేళ్ల పీజీకి నాలుగేళ్ల వరకు గడువుంటుంది. మూడేళ్లకు పరిస్తే ఆ 23 గంటలు పదిహేను, పదహారుకి దిగుతాయి. రెండేళ్లలో అవ్వకపోతే ఫెయిలైనట్టు అనుకోవడం కాలేజీ అలవాటే తప్ప, ఇక్కడి రూలు కాదు.

ఇంజినీరింగ్ వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. దూరవిద్యలో ఎంటెక్ అని ఎవరైనా అమ్మితే కొనకండి. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల దూరవిద్య ఇంజినీరింగ్ డిగ్రీల మీద తీర్పు ఇచ్చింది. 2001 నుంచి 2005 వరకు చేరినవాళ్ల డిగ్రీలను పక్కనపెట్టి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయంది. తర్వాత చేరినవాళ్లకు ఆ అవకాశమూ ఇవ్వలేదు. వాళ్లలో అప్పటికే ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో స్థిరపడ్డవాళ్లు ఉన్నారు. పదేళ్ల తర్వాత కాగితం చెల్లదంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. బిట్స్ పిలానీ ఉద్యోగుల కోసం నడిపే వర్క్ ఇంటిగ్రేటెడ్ కోర్సుల సంగతి వేరు, వాటిని దూరవిద్యతో కలిపేసి చూడొద్దు. దూరవిద్యలో మనకు మిగిలేవి ఎంబీఏ, ఎంసీఏ, కొన్ని ఎంఏ, ఎంఎస్సీలు. అవి కూడా ఏ యూనివర్సిటీకి, ఏ ఏడాదికి, ఏ కోర్సుకి అనుమతి ఉందో యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్‌లో మీరే చూసుకోండి. 2024 నుంచి చేరేవాళ్లు అక్కడ డెబ్ ఐడీ కూడా తీసుకోవాలి. ‘సింగిల్ సిట్టింగ్‌లో డిగ్రీ’ అని కరెంటు స్తంభాలకు అంటించే నంబర్లకు ఫోన్ చేసేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు కోపం కంటే జాలే ఎక్కువ.

సరే, గుర్తింపు ఉన్న చోటే చదివాం. విలువ ఉంటుందా? యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ, అదే స్థాయి రెగ్యులర్ డిగ్రీకి సమానం. 2022 సెప్టెంబర్‌లో ఆ సంగతి మళ్లీ స్పష్టం చేసింది కూడా. కానీ కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో ‘ఫుల్ టైమ్ రెగ్యులర్’ అనే రెండు మాటలు కనిపిస్తూనే ఉంటాయి. ఇది నాకు మింగుడుపడని విషయం. తొమ్మిది గంటలు పనిచేసి, రాత్రి పదకొండింటికి పుస్తకం తెరిచి, అదే సిలబస్ పాసైన మనిషి, హాజరు కోసం క్లాసులో కూర్చున్న మనిషి కంటే ఏ లెక్కన తక్కువ? దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీని పెట్టుకుని నలభై ఏళ్లు దాటాక కూడా ఆ మాటలు ఎందుకు రాస్తున్నారో ఆ సంస్థలు చెప్పాలి. అవి మారేదాకా మాత్రం, మీకు కావాల్సిన ఉద్యోగం పాత నోటిఫికేషన్ ఒకటి ముందేసుకుని, ఆ మాటలున్నాయో లేవో చూసి ఆ తర్వాతే ఫీజు కట్టండి. ప్రైవేటులో అయితే మీ హెచ్ఆర్‌ని నేరుగా అడగండి: ఈ పీజీ చేస్తే నా గ్రేడ్ మారుతుందా, లేదా? నేను అడిగినప్పుడు ‘మారదు’ అన్నారు. అయినా కొనసాగించాను, ఎందుకంటే బీటెక్‌లో ఎగ్గొట్టిన డేటాబేస్, నెట్‌వర్క్స్ ఈసారి అర్థం చేసుకుని చదవాలనిపించింది. అది నా కారణం. మీ కారణం మీకు తెలియకపోతే ఒక సెమిస్టర్ ఆగండి, ఏమీ మునిగిపోదు. అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి.

నేను మిగిలిపోయిన ఆ రెండు పేపర్లు మరుసటి డిసెంబర్‌లో రాశాను. ఈసారి మేనేజర్‌కి రెండు నెలల ముందే చెప్పాను. ఆయన క్యాలెండర్ తెరిచి తేదీలు రాసుకుని, ‘నేనూ ఇలాగే చదివానోయ్’ అన్నారు.