సంచిలో పట్టనివి

మారుమూల సముద్రతీరానికి ఒంటరిగా వెళ్లే స్త్రీ ఏమేం సర్దుకోవాలి? దీనికి జవాబుగా వచ్చే జాబితాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టార్చి, ఈల, కారం పొట్లం, పెద్ద చున్నీ, నాప్‌కిన్లు! దారిలో లేనివన్నీ ఆడదాని సంచిలోకి చేరాలి కాబోలు.

పాలకొల్లు నించి అంతర్వేది ఎంత దూరం? నరసాపురం వెళ్లి, రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి గోదావరి సముద్రంలో కలిసే చోటు దగ్గరే. మగవాడికిది ఒకపూట షికారు. నాకు మాత్రం ముందురోజు నించే లెక్కలు: ఎన్ని గుక్కల నీళ్లు తాగొచ్చు, బహిష్టు తేదీ ఎప్పుడు, చీకటి పడేలోగా వెనక్కి రాగలనా? సముద్రం కన్నా ముందు ఇవి దాటాలి.

1830లో మద్రాసు నించి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి వెంట పెద్ద పరివారం ఉంది, పల్లకీ మోసే బోయీలున్నారు. ఆయన్ని ఎవరూ పిరికివాడనలేదు. యాత్రకి ఆసరా కావాలని అప్పుడే ఒప్పుకున్నారు. మనం అడిగితే మాత్రం అది సుకుమారం!

చేపలగంప నెత్తిన పెట్టుకుని రోజూ ఆ ఇసుకలో నడిచే స్త్రీని సాహసి అని ఏ జాబితా రాసింది? ఆమెకీ, నాకూ కావలసినవి ఒకటే. రేవులో శుభ్రమైన మరుగుదొడ్డి, ఒడ్డున దీపం, రాత్రి చివరి బస్సు. ఇవి ఏ సంచిలోనూ పట్టవు. సర్దాల్సింది మన పన్నులు వసూలు చేసేవాళ్లు. ఈసారి జాబితా వాళ్ల చేతికిద్దాం.