పులి మీద తిరిగొచ్చిన ప్రియ

మిరప కోతల హడావిడి కాస్త తగ్గాక, మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ చేతికిచ్చి "అమ్మా, ఇది చదువు" అంది. 'ప్రియా అండ్ ది లాస్ట్ గర్ల్స్' అనే బొమ్మల కథ. 2019లో వచ్చిందట, నాకు ఇన్నాళ్లకి చేరింది.

ఈ ప్రియ మామూలు పల్లెటూరి పిల్ల. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం మీద జనం రోడ్డెక్కారు కదా, అది చూసి రామ్ దేవినేని అనే ప్రవాస భారతీయుడు ఈ పాత్రను తయారుచేశారు. 2014లో వచ్చిన మొదటి కథలో అత్యాచారానికి గురైన ప్రియను ఇంట్లోవాళ్లే తప్పుపట్టి వెళ్లగొడతారు. పార్వతీదేవి అండతో ఆమె ధైర్యం తెచ్చుకుని, తనను వెంటాడిన పులినే వాహనం చేసుకుంటుంది. ఆ పులి పేరు సాహస్. రెండో కథ యాసిడ్ దాడుల మీద.

మూడోదైన ఈ కథను దీప్తి మెహతా రాశారు. ప్రియ ఊరికొస్తే ఆడపిల్లలెవరూ కనబడరు. చెల్లెలు లక్ష్మి కూడా లేదు. అందర్నీ రాహువు అనే రాక్షసుడి పాతాళ నగరంలో వ్యభిచారంలోకి దించారు. ప్రియ పులెక్కి వెళ్లి విడిపించుకొస్తుంది.

నాకు నచ్చనిది ముందు చెబుతాను. రాక్షసుడు మరీ రాక్షసుడిలా ఉన్నాడు. పిల్లల్ని అమ్మేసేవాడు మన మధ్యకొచ్చేటప్పుడు కొమ్ములు పెట్టుకుని రాడు. పనిప్పిస్తాననో, పెళ్లి చేసుకుంటాననో నవ్వుతూ వస్తాడు. అది చూపించి ఉంటే పిల్లలకు ఇంకా పనికొచ్చేది.

కానీ కథ రాక్షసుడితో అయిపోలేదు చూశారూ, అక్కడ నేను ఆగిపోయాను. తిరిగొచ్చిన ఆడపిల్లల్ని ఊరు అంటరానివాళ్లలా చూస్తుంది. ప్రియ వాళ్ల పక్కన నిలబడి ఊరివాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది. చిన్నప్పుడు చందమామలో చదివిన కథల్లో రాకుమారిని విడిపించి తెస్తే పెళ్లితో శుభం. ఇంటికొచ్చిన పిల్లను ఎవరేమన్నారని నేనెప్పుడూ ఆలోచించలేదు. లంక నుంచి వచ్చిన సీతమ్మ సంగతి తెలిసీ ఆలోచించలేదు.

పోయినేడు మా అమ్మాయి బస్సులో ఒకడు చెయ్యి వేశాడని ఏడుస్తూ ఇంటికొచ్చింది. నేనేమన్నానో తెలుసా? "ఎవరితో అనకు, మీ నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తారు" అన్నాను. తను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సర్దుకుందనుకున్నాను. ఈ కథ నా చేతిలో ఎందుకు పెట్టిందో చివరి పేజీలకొచ్చాక అర్థమైంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల నాన్నకి నేనే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని దాన్నడిగారు. అది నా వంక చూసింది.

చదువు మాన్పించలేదు లెండి. మీ ఇళ్లలోనూ పిల్లలతో కలిసి ఈ కథ చదవండి. ఉచితంగానే దొరుకుతుంది.