తాత గంప దగ్గర మనవడు

దసరా సెలవుల్లో కొండవీడు కింద తాత సీతాఫలాలు అమ్ముతుంటే మనవడు పక్కన కూర్చుని చిల్లర లెక్కపెడతాడు. కళ్లు విచ్చి సందులు తెల్లబారితే కాయ కోతకొచ్చినట్టని వాడికి తాతే చెప్పాలి. ఈ చదువు మంచిదే. అయితే రైతు సోదరులారా, ఒక్క మాట. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటి పనిలో, వ్యాపారంలో సాయానికే, అదీ బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేకుంటేనే ఒప్పుకుంటుంది. కుటుంబమంటే ఎవరెవరో చెప్పినచోట మేనత్త, మేనమామ ఉన్నారు గానీ తాత, అమ్మమ్మ లేరు! మనవళ్లను సాకే పెద్దలను మరవడం తగదు, చేర్చాలి. మనమూ హద్దు దాటొద్దు. మిరపకు కొట్టే మందు కలిపించడం, పత్తి తీతకు బడి మాన్పించడం సాయం కాదు. సెలవులు కాగానే గంప తాతది, పుస్తకాల సంచి మనవడిది.