తాతయ్య హెరాల్డ్ ఖర్జూరం పండ్ల పాలు కాకూడదు

పోయిన సెలవుల్లో గుడియాత్తం వాళ్ళము, వేలూరు వాళ్ళము కలిసి కోయంబత్తూరు పోయి, అవినాశి రోడ్డులోని జీడీ కార్ మ్యూజియం చూసి వచ్చినాం. దేశదేశాల పాత కార్లు తళతళ తుడిచి వరసగా నిలబెట్టినారు. పిల్లలకు కార్లు నచ్చినాయి. పెద్దవాళ్ళకు ఆ పేరు వెనకాల మనిషి నచ్చినాడు. జీడీ అంటే జి.డి. నాయుడు గారు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టినారు, ఇంటి మాట తెలుగే. చిన్న వయసులో ఒక దొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు చూసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి దాన్నే కొని, మరలన్నీ విప్పి చూసినారని చెప్తారు. 1920లో పొళ్ళాచ్చి–పళని దారిలో ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టినారు. మనవాడని చెప్పుకోవడం సులభమే. స్పానర్ పట్టే చేతులు మన ఇండ్లలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

ఇదంతా ఎందుకంటే, గుడియాత్తం ఇంటి వెనక షెడ్డులో తాతయ్య స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. రాజుల కారు కాదు, మన మద్రాసులో తయారైన కారు. రెండే తలుపులు, వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచాలి. కానీ బానెట్టు మొత్తం ముందుకు వాలిపోతుంది, ఇంజనంతా కండ్ల ముందుంటుంది. పిల్లలకు పని నేర్పడానికి ఇంతకన్నా మంచి బండి ఉండదు. మన వాళ్ళలోనే కొందరు, పాత ఇనుముకు ఖర్జూరం పండ్లిచ్చేవాడికి వేసేయండి, స్థలమన్నా మిగులుతుంది అంటున్నారు. మేము ఒప్పుకోము.

డీజిల్ ఇంజను పెట్టించి తిప్పుదామనే సలహా కూడా వద్దు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్సు ప్రకారం, 50 ఏండ్లు దాటి అసలు రూపం మారని బండినే వింటేజ్ కింద రిజిస్టరు చేస్తారు. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి, పదేండ్లు చెల్లుతుంది. సంతకు, పెండ్లికి తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రం రోడ్డెక్కొచ్చు.

ఫీజు దగ్గర మాత్రం మాకు కోపమొస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు. జమీందారు రోల్స్ రాయిస్‌కూ అంతే, గుమాస్తా లాంబ్రెట్టాకూ అంతే! ఇట్లయితే గొప్పోళ్ళ బండ్లు నిలుస్తాయి, మామూలు జనం బండ్లు కొలిమికి పోతాయి. స్కూటర్లకన్నా ఫీజు తగ్గించాలి.

షెడ్డులోనే పెట్టి దండ వేస్తే చాలదా అని అడిగినారు. చాలదు. 1982లో జె.ఆర్.డి. టాటా గారు 78 ఏండ్ల వయసులో పాతకాలపు లెపర్డ్ మాత్ విమానం నడుపుకొని కరాచీ నుంచి బొంబాయి వచ్చినారు. 1932లో తాను టపా తెచ్చిన దారి అది. మన హెరాల్డ్ కనీసం వేలూరు దాకన్నా రావాలి కదా.

ఆర్.సి. బుక్కు వేలూరు ఇంటి బీరువాలో భద్రంగా ఉంది. టైర్లు, బ్యాటరీ, ఆ 20,000 ఎవరెవరు ఎంత వేసుకుంటారో ఉగాదికి కలిసినప్పుడు తేల్చుకుందాం.