శిశుపోషణము: పసిబిడ్డ పాలు త్రాగనొల్లనిచో

నిన్నటివఱకు చక్కగా పాలు త్రాగిన పసిబిడ్డ నేడు రొమ్మునకు చేర్చుకొనగానే మొగము త్రిప్పుకొని యేడ్చినచో కలవరపడని తల్లి యుండదు. పాలు చాలుట లేదని యొకరు, దిష్టి తగిలినదని యొకరు, తల్లిపాలు పడలేదని వేఱొకరు పలుకుదురు. సాయంకాలము కాకమున్నే డబ్బాపాలు ఇంటికి వచ్చును. ఈ విషయమును గూర్చి సోదరీమణులు మమ్ము తఱచుగా అడుగుచున్నారు. కావున ఈ మాసము దీనినే విచారింతము.

బిడ్డ తల్లిని ఒల్లకపోవుట యెన్నడును లేదు. త్రాగుటకు ఏదియో యొక యడ్డు కలిగియుండును. దానిని వెదకి తొలగించుటయే మన పని.

పుట్టిన క్రొత్తలో శిశువు తలను అటునిటు త్రిప్పుట అయిష్టము కాదు, చనుమొనకై వెదకుట. అప్పుడు తల వెనుక చేయి పెట్టి యదిమినచో బిడ్డ వెనుకకు విఱుచుకొని యేడ్చును. మెడకును భుజములకును ఆధారమిచ్చి, బిడ్డ శరీరమంతయు తల్లివైపు త్రిప్పి, నోరు బాగుగా తెఱచినప్పుడు దగ్గఱకు తీసికొనవలయును. చనుమొన మాత్రమే కాక చుట్టునున్న నల్లని వలయములో చాలభాగము నోటిలోనికి పోవలయును. పురుడైన మూడు నాలుగు దినములకు రొమ్ములు గట్టిపడి చనుమొన అణగిపోవుట కలదు. అట్టిచో ముందుగా కొంచెము పాలు చేతితో పిండివేసినచో రొమ్ము మెత్తబడి బిడ్డకు పట్టు దొరకును.

జలుబుచే ముక్కు మూసికొనిపోయిన బిడ్డ త్రాగుచు ఊపిరి పీల్చజాలదు. నోటిలో తుడిచినను పోని తెల్లని పూత యున్నచో నోరు మండును; దానికి తల్లికిని బిడ్డకును కలిపి వైద్యము చేయింపవలయును. చెవిపోటు ఉన్నను, టీకా వేసిన తొడ నొచ్చుచున్నను, ఒకవైపు పండుకొనబెట్టినప్పుడే బిడ్డ యేడ్చును. రెండవవైపు మార్చి చూడవలయును. క్రొత్త సబ్బువాసనయు, అత్తరువాసనయు కొందఱు శిశువులకు సరిపడదు. పాలపీకకు మరగిన బిడ్డ రొమ్మును పట్టుటకు విసుగుకొనును. స్నానమైన పిదప ముక్కులో నూనె చుక్కలు వేయుట, సాంబ్రాణి పొగ పట్టుట మానవలయును. ఇవి ఊపిరితిత్తులకు కీడు చేయును. సంవత్సరము నిండని బిడ్డకు తేనె నాకించుటయు అపాయకరమే.

కారణమును వెదకుచుండగనే తల్లి చేయవలసిన పనులు కొన్ని కలవు. బిడ్డ ఆకలితో ఏడ్చువఱకు ఆగరాదు. పెదవులు చప్పరించునప్పుడే పాలియ్యవలయును. సందడి లేని గదిలో, వెలుతురు తగ్గించి, బట్టలు లేకుండ బిడ్డను ఱొమ్ముపై పరుండబెట్టుకొన్నచో చాలమంది శిశువులు తమంతట తామే పాలకు వత్తురు. నిద్రమత్తులో నున్నప్పుడు ఇచ్చిచూచుటయు మేలు. బలవంతము మాత్రము పనికిరాదు.

బిడ్డ త్రాగకున్నను పాలు పిండుట మానరాదు. మానినచో పాలు తగ్గిపోవును. చేతులు సబ్బుతో కడుగుకొని, రెండు మూడు గంటలకొకమాఱు శుభ్రమైన పాత్రలోనికి పిండి, మరగించిన నీటిలో శుద్ధిచేసిన చిన్నగిన్నెతో పట్టవలయును. గిన్నె అంచును క్రింది పెదవికి ఆనించిన బిడ్డయే చప్పరించుకొనును, నోట పోయరాదు. పిండిన పాలు 25 డిగ్రీల చల్లని గదిలో 4 గంటలు నిలుచును. మన వేసవిలో అంతసేపు ఉంచక వెంటనే వాడుట మంచిది.

మొదటి వారము గడచిన బిడ్డ దినమునకు 6 మాఱులకు తక్కువ కాకుండ మూత్రము పోయుచున్నచో సాధారణముగా పాలు చాలుచున్నట్లే. డబ్బాపాల నమూనాలను తల్లులకు పంచిపెట్టుట 1992 నాటి చట్టమున నిషేధింపబడినది. అయితే బిడ్డ యారోగ్యమును చూచి వైద్యుడు అవసరమని చెప్పినప్పుడు కాదనరాదు.

ఇక ముఖ్యమైన మాట. రెండు మాసములు నిండని శిశువు బొత్తిగా పాలు త్రాగకుండుట వ్యాధిలక్షణము కావచ్చును. లేపినను లేవకున్నను, ఒడలు 37.5 డిగ్రీలకు మించి కాలుచున్నను, చల్లబడినను, నిమిషమునకు 60 లేక అంతకు మించి ఊపిరి తీయుచున్నను, డొక్కలు ఎగురవేయుచున్నను, మూర్ఛ వచ్చినను, అఱచేతులు అఱికాళ్లు పచ్చబడినను, మూత్రము తగ్గినను, దిష్టి తీయుచు కాలము పుచ్చక ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపోవలయును. రాత్రియని తెల్లవాఱువఱకు ఆగరాదు. ఆసుపత్రిలో పురుడు పోసికొన్న యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆశా కార్యకర్త వచ్చును. సందేహములను ఆమె నడుగుడు.

ఇంటి పెద్దలకు మా మనవి యొకటి. ఇట్టి సమయమున బాలింతను నిందింపక, ఆమెకు అన్నము వేళకు పెట్టి, ఇంటిపని తప్పించి, బిడ్డతో నెమ్మదిగా కూర్చుండనిండు. వ్యాధి లేని బిడ్డ చాలవఱకు కొలది దినములలోనే మరల పాలు పట్టును.