పొలము నెరిగిన విమోచకుడు

విమోచన వీరుల చరిత్రలలో సాధారణముగా తుపాకి మ్రోతయే ముందు వినవచ్చును. అమిల్కార్ కబ్రాల్ చరిత్రలో ముందుగా కనిపించునది పొలము. ఆ తరువాత పాఠశాల.

1924 సెప్టెంబరు 12వ తేదీన పశ్చిమాఫ్రికాలో, నాటి పోర్చుగీసు గినీలోని బఫాటాలో ఆయన జన్మించెను. తల్లిదండ్రులది కేప్ వర్డీ దీవులు. 1940 దశకమునాటి కరవులలో అచ్చట వేలకొలది జనులు ఆకలికి బలియైరి. ఆయన లిస్బన్‌లో వ్యవసాయ శాస్త్రము నభ్యసించి, 1952లో గినీకి ఉద్యోగియై వచ్చెను. మరుసటి సంవత్సరము వ్యవసాయ గణనకై ఊరూర తిరిగెను. ఏ తెగవారు ఏ పంట పండింతురో, వేరుసెనగ లాభము ఎవరికి చేరుచున్నదో తెలిసికొనెను. పాలకుల కొలువులో గడించిన యీ జ్ఞానమే పిమ్మట పాలకుల కెదురు నిలిచెను.

1956లో కబ్రాల్, ఆయన సహచరులు స్వాతంత్ర్యమునకై రహస్యముగా పార్టీని స్థాపించిరి. 1959 ఆగస్టు 3న బిస్సావు రేవులో కూలి పెంపుకై సమ్మె చేసిన కార్మికులపై కాల్పులు జరిగినవి. ఉద్యమకారుల లెక్కప్రకారము మృతులు సుమారు 50 మంది. అంతట పార్టీ పల్లెలకు మరలెను. 1961 డిసెంబరులో గోవాను కోల్పోయిన పిమ్మటను పోర్చుగీసు ప్రభుత్వము ఆఫ్రికాను విడువ నిరాకరించెను. 1963 జనవరిలో గినీలో సాయుధ పోరాటము ప్రారంభమయ్యెను.

యుద్ధము ముగియువరకు చదువు ఆగలేదు. విముక్త ప్రాంతములలో, బాంబుదాడుల నడుమనే పాఠశాలలు వెలసినవి. వాటికై పార్టీ రూపొందించిన వాచకములు స్వీడన్‌లో అచ్చయినవి. ప్రజలకు అబద్ధము చెప్పరాదనియు, సులభ విజయములు చాటుకొనరాదనియు 1965లో కబ్రాల్ కార్యకర్తలకు బోధించెను. పోర్చుగీసు ప్రజలు తమకు శత్రువులు కారని పలుమార్లు ప్రకటించెను.

1973 జనవరి 20న కొనాక్రీలో స్వపక్షమువారే ఆయనను కాల్చి చంపిరి. ఆ సెప్టెంబరు 24న గినీ-బిస్సావు స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. ఆఫ్రికా యుద్ధములతో విసిగిన సైనికాధికారులు 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లోని నియంతృత్వమునే కూలద్రోసిరి. 1975 జూలై 5న కేప్ వర్డీయు స్వతంత్రమయ్యెను.

ఆయన కోరిన ఉభయ దేశముల ఐక్యత 1980నాటి సైనిక తిరుగుబాటుతో భగ్నమయ్యెను. గినీ-బిస్సావును అటుపిమ్మటను సైనిక కుట్రలు పలుమారులు కలచివేసినవి. జెండాయు జాతీయగీతమును చేకూరినంతనే స్వాతంత్ర్యము సిద్ధింపదని ఆయన ముందే హెచ్చరించియుండెను. ఆ హెచ్చరికను అనుచరులు నిలుపుకొనలేకపోయిరి. అది తరగతిగదిలో నేటికిని నిలువదగినది. దేశమును మార్చగోరువాడు మొదట దానిని పొలము పొలముగా చదువవలెను.